తపాలా బాకీ నోటీసులు, పార్శిలు మోసములు – పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన విషయములు

గ్రామములలో తపాలా శాఖకు గల గౌరవము సామాన్యమైనది కాదు. దేశమంతటికిని వర్తించు తపాలా బిళ్ళలు 1854వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చినవి. ఆనాటినుండియు ఉత్తరములు, మనియార్డరులు, ఉద్యోగపు ఉత్తరువులు ఆ శాఖ సిబ్బంది చేతిమీదుగ గ్రామసీమలకు చేరుచున్నవి. పోస్టాఫీసు వారు చెప్పినారన్నచో అది నిజమే యనుకొనుట మన ప్రజలకు అలవాటు. ఈ నమ్మకమునే కొందరు మోసగాండ్రు నేడు తమ వ్యాపారమునకు పెట్టుబడిగ చేసికొన్నారు.

"మీ పార్శిలు వచ్చినది, చిరునామా సరిగా లేదు, 48 గంటలలో సరిచేయనిచో తిరిగి పంపివేయుదుము." "మీ పార్శిలుపై తపాలా రుసుము 25 రూపాయలు బాకీ యున్నది. ఈ లింకు నొక్కి చెల్లింపుడు." ఇట్టి వార్తలు సెల్‌ఫోనులకు తరచుగ వచ్చుచున్నవి. అట్టి వార్త అందిన రైతుగాని, స్వయంసహాయక సంఘపు సభ్యురాలుగాని మొదట ఎవరిని అడుగుదురు? చదువుకొన్న కుమారుడు పట్టణములో నుండును. బ్రాంచి పోస్టుమాస్టరు కార్యాలయము మూసి బట్వాడాకు పోయియుండును. తుదకు వార్డు సభ్యుని యింటికో, పంచాయతీ కార్యాలయమునకో ఫోను పట్టుకొని వచ్చి, "ఏమండీ, ఇది నిజమా, అబద్ధమా?" అని అడుగుదురు. "జాగ్రత్తగ నుండుము" అని చెప్పుట ఆ ప్రశ్నకు సమాధానము కాదు. నియమమేదియో తెలిసినవాడే తిన్నగ సమాధానము చెప్పగలడు. కావున మొదట నియమమును చూతము.

బేరింగు ఉత్తరమన నేమి?

స్టాంపు అంటింపకయే పంపిన ఉత్తరమును, చాలినంత విలువగల స్టాంపు లేని ఉత్తరమును మన పెద్దలు బేరింగు ఉత్తరమనెడివారు. అట్టి ఉత్తరమును తపాలా శాఖ పారవేయదు. గమ్యస్థానమునకు చేర్చి, తక్కువైన సొమ్మునకు రెట్టింపు మొత్తమును పుచ్చుకొనువాని వద్ద వసూలు చేయును. ఒక ఉదాహరణము చూడుడు. 20 గ్రాముల వరకు బరువుగల మామూలు కవరునకు రుసుము 5 రూపాయలు. ఆపై ప్రతి 20 గ్రాములకు మరి 5 రూపాయలు. 35 గ్రాముల కవరునకు 10 రూపాయల స్టాంపులు కావలసియుండగా, పంపినవాడు 5 రూపాయల స్టాంపు మాత్రమే అంటించినాడనుకొందము. లోటు 5 రూపాయలు. బట్వాడా వేళ వసూలు చేయునది 10 రూపాయలు. అసలు స్టాంపే అంటింపకున్నచో 20 రూపాయలు.

లెక్కకంటెను వసూలు చేయు తీరు ముఖ్యము. ఆ ఉత్తరము పోస్టుమాన్ చేతిలో నుండును. చెల్లింపవలసిన మొత్తము దానిమీదనే గుర్తింపబడి యుండును. పుచ్చుకొనువాడు కవరును చూచి, పంపినవారెవరో గ్రహించి, కావలెనన్న సొమ్మిచ్చి తీసికొనును, వలదన్న నిరాకరించును. నిరాకరించినంతమాత్రమున అతనిపై ఏ జరిమానాయు పడదు. ఉత్తరము పంపినవానికి తిరిగి పోవును; బాకీ అతనివద్ద వసూలగును. వెనుకటి కాలమున కొందరు గడుసువారు క్షేమసమాచారము తెలుపు గుర్తు నొకదానిని కవరుపైననే వ్రాసి బేరింగుగ పంపెడివారనియు, ఇంటివారు ఆ గుర్తు చూచుకొని "మాకు వలదు" అని తిప్పి పంపెడివారనియు చెప్పుకొందురు. అది తపాలా శాఖను ప్రజలు మోసగించిన పద్ధతి. నేటిది తపాలా శాఖ పేరు చెప్పి ప్రజలను మోసగించు పద్ధతి.

ఇక పార్శిలు సంగతి. పార్శిళ్ళను, స్పీడుపోస్టును, రిజిస్టరు చేయు ఉత్తరములను బేరింగుగ పంపుటకు వీలులేదు. (రిజిస్టరు తపాలా 2025లో స్పీడుపోస్టునందు విలీనమైనది, రిజిస్ట్రేషను ఇప్పుడు దానిపై అదనపు సేవగ నున్నది.) వాటిని పోస్టాఫీసులో తూచి, బరువును దూరమును బట్టి రుసుము కట్టించుకొని, రసీదు ఇచ్చిన పిమ్మటనే లోనికి తీసికొందురు. పెద్ద వ్యాపార సంస్థలు కొంత కాలమునకొకసారి లెక్క చూచి చెల్లించుటయు కలదు; కాని ఆ బాకీ ఆ సంస్థకును శాఖకును నడుమ నుండునేగాని పుచ్చుకొనువానికి తగులదు. తూకము వేసి, రుసుము పుచ్చుకొని, రసీదిచ్చిన వస్తువునకు దారిలో రుసుమెట్లు తక్కువగును? కావున "మీ పార్శిలునకు తపాలా రుసుము తక్కువైనది" అను వార్త మొదటి మాటతోనే తన అబద్ధమును బయటపెట్టుకొనుచున్నది. ఫోను తెచ్చి చూపిన గ్రామస్థునికి సభ్యుడు ముందుగ చెప్పవలసిన మాట ఇదియే.

అయినను బట్వాడా వేళ సొమ్ము చెల్లింపవలసిన సందర్భములు లేకపోలేదు. పుస్తకములు, ఔషధములు వి.పి.పి. ద్వారా తెప్పించుకొనుట మన ప్రాంతములలో చిరకాలముగ నున్నది. ఇప్పుడు సెల్‌ఫోనులో సరుకు కోరి, వస్తువు ఇంటికి వచ్చిన పిమ్మట నగదు చెల్లించుచున్నారు. విదేశములనుండి వచ్చు పార్శిలుపై కస్టమ్సు సుంకము పడవచ్చును. జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయినవారి కుటుంబములకు ఇది తెలిసిన సంగతియే. తపాలా మార్గమున వచ్చిన పార్శిలుపై సుంకము పడినచో దానిని బట్వాడా వేళ పోస్టాఫీసువారే వసూలు చేసి రసీదిత్తురు. వీటన్నిటియందును వస్తువు ఎదుట నుండును, తెచ్చిన మనిషి ఎదుట నుండును, రసీదు చేతికి వచ్చును. వస్తువెచటనో, అడుగువాడెచటనో, సొమ్ము మాత్రము మన ఖాతానుండి ఈ నిమిషముననే కదలవలెనన్నచో, అది ఏ శాఖ నియమమునకును సరిపడదు.

ఇంటివద్ద ఎవరును లేనప్పుడు పోస్టుమాన్ ఒక చీటీ వదలిపోవును. ఆ వస్తువును పోస్టాఫీసులో సాధారణముగ ఏడు దినములు ఉంచుదురు. చీటీ తీసికొని పోయి తెచ్చుకొనవచ్చును. ఇందు లింకుతో పనిలేదు.

బూటకపు వార్త పనిచేయు విధము

పైన చెప్పిన 48 గంటల వార్తను గూర్చి కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయము వారి వాస్తవ నిర్ధారణ విభాగము 2024లో ప్రజలను హెచ్చరించినది. పార్శిలు గిడ్డంగికి చేరినదనియు, రెండు మార్లు బట్వాడాకు ప్రయత్నించితిమనియు, చిరునామా అసంపూర్ణముగ నుండుటచే చేర్చలేకపోతిమనియు ఆ వార్తలో నున్నది. చిరునామా సవరింపుడని కోరుచు తపాలా శాఖ అట్టి సందేశములు పంపదని ఆ విభాగము స్పష్టపరచినది.

ఆ వార్త ఎంత నేర్పుతో కూర్పబడినదో గమనింపుడు. మన గ్రామములలో ఒకే ఇంటిపేరుగల కుటుంబములు పదియో ఇరువదియో యుండును. గోడమీది ఇంటి నంబరు సున్నము వేసినప్పుడు చెరిగిపోవును. అనేకుల చిరునామా "రామాలయము వెనుక", "రచ్చబండ దగ్గర" అనియే యుండును. చిరునామా సరిగా లేదన్నచో ఎవరికైనను నిజమేననిపించును. గంటల గడువు పెట్టుట ఆలోచింపనీయకుండుటకే. ఇక మొత్తము స్వల్పముగ నుండుట అన్నిటికంటెను పెద్ద ఉపాయము. వేయి రూపాయలడిగినచో మనిషి నలుగురిని విచారించును. పాతిక రూపాయలడిగినచో "పోనిమ్ము" అనుకొనును. మోసగానికి కావలసినది ఆ పాతిక రూపాయలు కాదు.

లింకు నొక్కగనే తపాలా శాఖ చిహ్నముతో, ఎరుపు పసుపు రంగులతో అచ్చముగ శాఖదేయన్నట్లున్న పుట యొకటి తెరచుకొనును. పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు అడుగును. అంతవరకు సహజముగనే యుండును. తరువాత పాతిక రూపాయలు కార్డు ద్వారా చెల్లింపుమని, ఏ.టి.ఎం. కార్డుపై గల పదునారంకెలను, గడువు తేదీని, వెనుకనున్న మూడంకెలను కోరును. ఆ వివరములు అవతలివానికి చేరును. వాడు అదే నిమిషమున వాటితో వేలకొలది రూపాయల కొనుగోలునకు పూనుకొనును. బ్యాంకునుండి ఓ.టి.పి. వచ్చును. అది పాతిక రూపాయలకు అనుకొని మనవాడు ఆ పుటలో వ్రాయును. సాధారణముగ ఎంత మొత్తమునకు ఆ ఓ.టి.పి. వచ్చినదో ఆ సందేశములోనే యుండును. తొందరలో చదువువారు తక్కువ.

కొన్నిచోట్ల లింకు బదులు ఒక ఫైలు పంపి, పార్శిలు జాడ తెలిసికొనుటకు దానిని ఫోనులో ఎక్కించుకొనుడందురు. ఏ.పి.కె. అను మూడక్షరములతో ముగియు ఫైలు అట్టిది. అది ఫోనులో చేరి, వచ్చు సందేశములన్నిటిని చదివి అవతలివానికి అందజేయగలదు. "నా ఖాతాలో రెండు వందల రూపాయలే యున్నవి, నాకేమి పోవును?" అనువారు కలరు. ఆ ఫైలు నేడే పని ముగించుకొని పోవునదిగాదు. పి.ఎం. కిసాన్ పథకము క్రింద ఏటా ఇచ్చు 6,000 రూపాయలు మూడు విడతలుగ పడును. ఉపాధి కూలి పడును. ధాన్యము అమ్మిన సొమ్ము పడును. ఫోనులో కూర్చున్న దొంగ ఆ దినముకొరకు వేచియుండగలడు.

లింకును చదువుట నేర్పవలసిన విద్య. కవరుపై చిరునామా చదువునప్పుడు మనిషి పేరు మొదటను, ఊరి పేరు చివరను చూతుము. ఊరు తప్పినచో పైన ఎంత గొప్ప పేరున్నను ఆ ఉత్తరము అచటికి చేరదు. లింకునకును అట్టి పద్ధతియే కలదు. మొదటనుండు రెండు వాలుగీతలను విడిచి, ఆ తరువాత వచ్చు తొలి వాలుగీతవరకు చదువుడు. ఆ గీతకు ముందున్న చివరి మాటలే దాని ఊరు. తపాలా శాఖది "ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్". "గవ్ డాట్ ఇన్" అను ఊరు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇత్తురు. మోసగాండ్రు "ఇండియాపోస్ట్" అను మాటను ముందు పెట్టి, చివర మరియొక ఊరు పెట్టుదురు. కన్ను మొదటి మాటమీదనే నిలుచునని వారికి తెలియును. కొన్ని లింకులను ఊరే కనబడకుండ కురుచజేసి పంపుదురు; అట్టివానిని తెరువకుండుటయే మేలు.

పంపినవాని పేరును చూడవలెను. 2025 నుండి సంస్థలు పంపు సందేశములపై పంపువారి పేరు చివర ఒక ఆంగ్లాక్షరము చేర్చు పద్ధతి వచ్చినది: ప్రభుత్వమునకు "జి", సేవలకు "ఎస్", లావాదేవీలకు "టి", ప్రకటనలకు "పి". తపాలా శాఖ పేరు చెప్పుకొనుచు మామూలు పది అంకెల ఫోనునుండియో, విదేశపు నంబరునుండియో వార్త వచ్చినచో, ఇక చదువనవసరము లేదు.

అయినను నిజముగ పార్శిలు రావలసియున్నవానికి సందేహము తీరదు. అతడు పంపినవారిని జాడ నంబరు అడుగవలెను. స్పీడుపోస్టు నంబరునకు మొదట రెండక్షరములు, నడుమ తొమ్మిది అంకెలు, చివర భారతదేశమును తెలుపు రెండక్షరములు, వెరసి పదమూడు స్థానములుండును. ఆ నంబరును సందేశములోని లింకుద్వారా గాక, మన గ్రామ పోస్టుమాస్టరు వద్దనో, శాఖవారి ఉచిత ఫోను 1800 266 6868 కు పిలిచియో విచారింపవలెను.

ఓ.టి.పి. విషయములో ఒక చిక్కు

ఓ.టి.పి. ఎవ్వరికిని చెప్పవలదని మనము ఊరూర చాటుచున్నాము. కాని 2025 అక్టోబరు నుండి స్పీడుపోస్టులో ఓ.టి.పి. సరిచూచి బట్వాడా చేయు సేవయు ప్రవేశించినది. అమ్మకపు సంస్థల సరుకు తెచ్చు కుర్రవాండ్రును అట్లే అడుగుచున్నారు. మొదటి మాటను గట్టిగ పట్టుకొన్న వృద్ధుడు నిజమైన పోస్టుమాన్‌ను దొంగ యనుకొనును. పోస్టుమాన్‌కు చెప్పవచ్చునని విన్నవాడు రేపు ఫోనులో అడిగిన దొంగకును చెప్పివేయును. ఒక్క సూత్రమును గుడ్డిగ వల్లింపజేయుటవలన వచ్చు ఇబ్బంది ఇది.

భేదమును ఇట్లు బోధించిన బాగుండును. గడపవద్ద నిలిచి, పార్శిలు చేతబట్టుకొని, దానిపై మన పేరు చూపిన మనిషికి బట్వాడా అంకెలు చెప్పవచ్చును. అదియు సందేశమును చదివి, అది బట్వాడాకొరకే వచ్చినదని తెలిసికొన్న తరువాతనే. ఫోనులో అడిగినవానికి ఏ అంకెలును చెప్పరాదు. సందేశములో రూపాయలు, ఖాతా, బ్యాంకు అను మాటలున్నచో ఎదుటనున్నవానికిని చెప్పరాదు. యు.పి.ఐ. రహస్యాంకెలు మన ఖాతానుండి సొమ్ము పంపుటకు మాత్రమే కావలెను. సొమ్ము పుచ్చుకొనుటకు వాటితో పనిలేదు. "మీ సొమ్ము తిరిగి ఇచ్చెదము, ఈ కోడును స్కాను చేసి అంకెలు నొక్కుడు" అనువాడు ఇచ్చువాడు కాడు, పుచ్చుకొనువాడు.

మరికొన్ని వేషములు

పార్శిలు చేర్చుటకు వచ్చుచున్నాననియు, దారి తెలియుట లేదనియు ఒకడు పిలుచును. "నక్షత్రము గుర్తుతో మొదలగు ఈ నంబరు నొక్కినచో నా ఫోను కలియును" అనును. ఆ అంకెలు నొక్కగనే మనకు రావలసిన పిలుపులన్నియు వాని ఫోనునకు మరలిపోవును. బ్యాంకువారు ఫోనుద్వారా చెప్పు ఓ.టి.పి. కూడ వానికే చేరును. అట్లు నొక్కినవారు హాష్ హాష్ సున్న సున్న రెండు హాష్ (##002#) అని నొక్కినచో ఆ మరలింపులన్నియు రద్దగును.

విదేశమునుండి స్నేహితుడు కానుక పంపినాడనియు, అది కస్టమ్సువారి వద్ద నిలిచినదనియు, సుంకము ఫలానా వ్యక్తి ఖాతాలో వేయవలెననియు చెప్పునది మరియొక పద్ధతి. కస్టమ్సు శాఖ వ్యక్తుల ఖాతాలలో సుంకము వేయించుకొనదు. 2019 నవంబరునుండి ఆ శాఖ పంపు నోటీసులపై ఒక పత్ర గుర్తింపు సంఖ్య ముద్రింపబడుచున్నది. దానిని శాఖ వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును.

భయపెట్టు వేషము అన్నిటికంటె క్రూరమైనది. మీ పేరిట వచ్చిన పార్శిలులో మాదకద్రవ్యములు దొరకినవని కొరియరు సంస్థ పేరు చెప్పి ఒకడు పిలుచును. పిమ్మట పోలీసు దుస్తులు ధరించిన మరియొకడు వీడియోలో కనబడి, "నిన్ను డిజిటల్ అరెస్టు చేసినాము, ఫోను కట్టివేయవలదు, ఎవరికిని చెప్పవలదు" అని గంటలకొలది, ఒక్కొకప్పుడు దినములకొలది కూర్చుండబెట్టి, ఉన్న సొమ్మంతయు బదిలీ చేయించును. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములలో ఎచటను లేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగములో ఈ మోసమును ప్రత్యేకముగ ప్రస్తావించి దేశప్రజలను హెచ్చరించిరి. విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు దీనికి లోనగుచుండుట విచారకరము. చదువు లేనివారే మోసపోవుదురనుకొనుట పొరపాటు. చట్టమునకు భయపడు పెద్దమనిషియే దీనికి సులువుగ చిక్కును.

ఇవన్నియు సెల్‌ఫోను వేషములు. పోస్టుమాన్ స్వయముగ తెచ్చి ఇచ్చు మోసమును కలదు. పేరుమోసిన అమ్మకపు సంస్థ పేరిట గీకుడు కార్డుగల కవరు వచ్చును. గీకినచో కారు బహుమతి యని యుండును. పన్ను ముందుగ కట్టవలెనని క్రింద నుండును. ఉత్తరమును తపాలా శాఖ మోసినంతమాత్రమున అందులోని మాటకు శాఖ పూచీపడినట్లు కాదు. ఈ సంగతి గ్రామస్థులకు విడమరచి చెప్పుట చాల అవసరము.

బ్రిటనులోను, అమెరికాలోను చదువుకొనుచున్న మన పిల్లలకును ఈ బెడద తప్పలేదు. బ్రిటనులో స్టాంపు తక్కువైన ఉత్తరమునకు రాయల్ మెయిల్ సంస్థ బూడిదరంగు కార్డు నొకదానిని ఇంటివద్ద వదలును. దేశీయముగ వచ్చిన ఉత్తరము బాకీకై ఫోను సందేశము పంపదు. అమెరికా తపాలా సంస్థయు, మనము కోరి నంబరు ఇచ్చి అడిగిననేగాని, పార్శిలును గూర్చి సందేశములు పంపదు. పరదేశములో పిల్లలున్న తల్లిదండ్రులు వారికి ఈ ముక్క తెలియజేయవలెను.

సొమ్ము పోయినచో

సొమ్ము పోయిన వెంటనే 1930 అను నంబరునకు పిలువవలెను. 2021లో ఈ సహాయ కేంద్రము 155260 అను నంబరుతో మొదలైనది. పాత నంబరు కొన్ని గోడలమీద ఇంకను కనబడుచున్నది, దానిని చెరిపి 1930 వ్రాయింపవలెను. ఫిర్యాదు నమోదు కాగానే ఆ సొమ్ము చేరిన బ్యాంకునకు వార్త పోవును. సొమ్ము ఆ ఖాతాలో ఇంకను ఉన్నచో అచటనే నిలుపుదల చేయుదురు. అది మరియొక ఖాతాకు పోయినచో వార్త దాని వెంట ఆ బ్యాంకునకు పోవును. దొంగ పరుగునకును వార్త పరుగునకును పందెము వంటిది ఇది. గంటలోపల పిలిచినవానికిని, మరునాడు పిలిచినవానికిని గల తేడా ఇందుచేతనే వచ్చుచున్నది.

తన బ్యాంకునకును ఆ క్షణముననే తెలియజేయవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీచేసిన ఉత్తరువులలో దీనికి ఒక కారణము కలదు. ఖాతాదారుడు తన రహస్యాంకెలు తానే చెప్పియుండినచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిదే. తెలిపిన తరువాత జరిగిన నష్టము బ్యాంకుది. అతని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక సొమ్ము పోయినచో, మూడు పనిదినములలో తెలిపినవానికి బాధ్యతయే యుండదు.

పిమ్మట పోలీసు స్టేషనులో వ్రాతమూలకముగ ఫిర్యాదు ఇయ్యవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఎచట జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఇయ్యవచ్చును. "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపరాదు. కంప్యూటరు సాధనములతో వేరొకరి వేషమున మోసగించిన వానికి సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము క్రింద మూడేండ్ల వరకు కారాగార శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. సందేశమును చెరిపివేయరాదు; అదియే సాక్ష్యము.

ఇచట సభ్యుల ప్రవర్తనను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మోసపోయినవారిలో అనేకులు సిగ్గుచే ఎవరికిని చెప్పరు. ఇంటిలో తిట్లు తప్పవని స్త్రీలు దాచుదురు. సంఘపు సొమ్ము పోగొట్టిన గణకురాలు రాత్రియంతయు ఏడ్చి, మరునాటి సాయంకాలమునకు గాని బయటపడదు. అప్పటికి సొమ్ము నాలుగు ఖాతాలు దాటును. "చదువుకొని కూడ ఇంత అమాయకముగ నెట్లిచ్చితివి?" అని సభ్యుడు నలుగురిలో అడిగినచో, ఆ వీధిలో తరువాత మోసపోయినవాడు అతని యొద్దకు రాడు. మొదట ఫోను చేయింపుడు, ప్రశ్నలు తరువాత.

పంచాయతీ చేయదగిన పనులు

బెదరింపు మాటలతో నిండిన బోర్డులవలన ప్రయోజనము తక్కువ. గ్రామసభలో పది నిమిషములు కేటాయించి, నిజముగ ఊరివారికి వచ్చిన బూటకపు వార్త నొకదానిని చదివి వినిపించి, అది ఏమాటవద్ద అబద్ధమాడుచున్నదో చూపించిన ఎక్కువ మేలు. బ్రాంచి పోస్టుమాస్టరును ఆ సభకు పిలిచి బేరింగు నియమమును ఆయన నోటనే చెప్పింపవలెను. ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయమునందలి మహిళా పోలీసును, తెలంగాణమున పంచాయతీ కార్యదర్శిని ఇందుకు సహాయముగ తీసికొనవచ్చును.

ఇంటి నంబర్లు పంచాయతీ చేతిలోని పని. చిరునామా చక్కగ నున్న ఊరిలో "చిరునామా అసంపూర్ణము" అను అబద్ధమునకు బలము తగ్గును. నంబర్లు చెరిగినచోట మరల వ్రాయింపుడు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు ప్రాంతమును మాత్రమే తెలుపును. 2025 మే నెలలో తపాలా శాఖ హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోవారి జాతీయ దూరగ్రాహక కేంద్రముల సహకారముతో డిజిపిన్ అను పది అక్షరాంకెల గుర్తును ప్రవేశపెట్టినది; అది సుమారు నాలుగు మీటర్ల చదరమును గుర్తింపగలదు. విడివిడిగ నున్న పొలము ఇండ్లకు, తండాలకు ఇది పనికివచ్చును.

ఊరి యువకులను గూర్చియు విచారింపవలెను. దొంగిలించిన సొమ్మును దాటించుటకు ఖాతాలు కావలెను. "నీ పాసుపుస్తకము, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము ఇమ్ము, నెలకు ఇంత ఇచ్చెదను" అనువారు గ్రామములకు వచ్చుచున్నారు. అట్లు ఇచ్చినవాని పేరే పోలీసుల కాగితములలో మొదట కనబడును. అసలు దొంగ పేరు కనబడదు. కంప్యూటరు ఉద్యోగమని ఆశచూపి ఆంధ్రప్రదేశ యువకులను కంబోడియాకు పంపి, అచట ఇట్టి మోసపు పనులు బలవంతముగ చేయించిన వ్యవహారమును విశాఖపట్నము పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టిరి. ఖాతా అద్దెకడుగువాడుగాని, విదేశపు కొలువు చూపువాడుగాని ఊరిలో తిరుగుచున్నచో ఆ సంగతి పంచాయతీకి ముందుగ తెలియును.

పంచాయతీ కార్యాలయమున ఒక చిన్న పుస్తకము పెట్టి, గ్రామస్థులకు వచ్చిన బూటకపు వార్తల తేదీ, పంపిన నంబరు, అడిగిన మొత్తము వ్రాసి యుంచినచో, సొమ్ము పోకున్నను, ఆ నంబర్లను కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులోని చక్షు విభాగమునకు తెలుపవచ్చును. ఈ విభాగము 2024 మార్చినుండి పనిచేయుచున్నది. సొమ్ము పోయినవాని విషయములో అదే పుస్తకమున బ్యాంకు పేరు, లావాదేవీ సంఖ్య, 1930 వారు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య కూడ వ్రాసికొనవలెను. స్టేషనులో మొదట అడుగునవి ఇవియే.